తిట్టేవాళ్ళు కావలెను

ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఫైనల్ అయిపోయినట్టు సైరన్ మోగింది. వారబీన్ జట్టు కుల్గారా కంటే ఐదు పాయింట్లు వెనకబడి ఉంది. బంతి మాత్రం ఫెర్గస్ చేతుల్లో ఉంది. సైరన్‌కు ముందే పట్టాడు కాబట్టి ఒక్క తన్ను మిగిలింది. ముప్ఫై మీటర్ల అవతలున్న ఆ రెండు పొడుగు స్తంభాల నడుమనుంచి బంతి పోయిందా, ఆరు పాయింట్లు, కప్పు వారబీన్‌ది. పోలేదా, అంతే సంగతులు.

నిరుడు ఫైనల్లో ఇలాంటి తన్నునే ఫెర్గస్ పక్కకు కొట్టాడు. గోలు వెనక కంచె పట్టుకుని అవతలి ఊరివాళ్ళు తిట్టిన తిట్లకు బెదిరిపోయాడట పాపం. ఆ తర్వాత చాలా రోజులు ఊళ్ళో బేకరీకి వెళ్ళడానికి కూడా మొహం చెల్లలేదు.

"ఈసారి భయంలేదు," అంది బ్రిజిడ్, పక్కన గోళ్ళు కొరుక్కుంటున్న కోచ్ బార్నీతో. ఆటగాళ్ళ మనసుకు తర్ఫీదిచ్చే మనిషామె. క్లబ్బువాళ్ళు బాలరాట్ పట్నం నుంచి పనిగట్టుకుని పిలిపించారు. "ఈ సీజనంతా ప్రతి మంగళవారం మైకు పెట్టి మరీ తిట్టించాను. తిట్టు చెవిన పడగానే ఊపిరి వదులుతాడు, నాలుగడుగులు వేస్తాడు, తంతాడు. ఇప్పుడు వాడికి తిట్టే బలం."

"చూద్దాం బుర్ర డాక్టరమ్మా, నీ వైద్యం ఎంతవరకు పనిచేస్తుందో!"

గోలు వెనక కుల్గారా జనం కిక్కిరిసి ఉన్నారు. ఇక మొదలవుతుందని బ్రిజిడ్ చెవులు రిక్కించింది. అప్పుడు వాళ్ళ క్లబ్బు ప్రెసిడెంటు క్లిఫ్ ముందుకొచ్చి టోపీ తీశాడు.

"ఎవరూ నోరెత్తకండి. కుర్రాడి నాన్న పోయి మూడు వారాలు కాలేదు. మనమూ మనుషులమే. ప్రశాంతంగా తన్ననిద్దాం."

ఒక్కొక్క టోపీ దిగింది. మైదానం చుట్టూ నిలిపిన కార్ల హారన్లు ఆగిపోయాయి. చంటిపిల్ల ఏడవబోతే తల్లి నోట్లో బిస్కెట్టు పెట్టింది.

బ్రిజిడ్ గుండె జారింది. అన్నీ నేర్పింది గానీ, ఇది నేర్పలేదు. తిట్టనివాళ్ళ ముందు ఎలా తన్నాలో ఆమె అసలు ఆలోచించనే లేదు.

ఫెర్గస్ అటూ ఇటూ చూశాడు. వంగి బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. మళ్ళీ విప్పాడు.

బ్రిజిడ్ పరుగున కంచె దగ్గరికి వెళ్ళింది. "బాబూ, మీకు దణ్ణం పెడతాను, వాణ్ణి తిట్టండి!"

"ఏంటీ?" అన్నాడు క్లిఫ్.

"తిట్టండి! దద్దమ్మ అనండి, చేతగానివాడనండి, ఏదో ఒకటి అనండి!"

"నువ్వు ఆడదానివేనా? తండ్రి పోయిన పిల్లాణ్ణి తిట్టమంటావా?" ఒకావిడ కయ్యిమంది. "ఎవరి తాలూకమ్మా నువ్వు?"

"వాడి తాలూకే!"

"ఛీ! సొంత మనుషులే ఇలా ఉంటే ఇంక పరాయివాళ్ళెందుకు!"

ఇక చేసేది లేక బ్రిజిడ్ తనే గొంతెత్తింది. "ఏయ్ ఫెర్గస్! నువ్వు... నువ్వు సరిగ్గా తన్నలేవేమో!" లైబ్రరీలో పుస్తకం అడిగినట్టు వచ్చింది మాట. ఫెర్గస్ ఆమె వైపు చూసి మర్యాదగా తలూపాడు.

"త్వరగా కానీ నాయనా," అన్నాడు అంపైరు మెల్లగా. ఆయన కూడా జాలిపడుతున్నాడు. ఫెర్గస్ మొహం పాలిపోయింది. బ్రిజిడ్‌కు ఏడుపొచ్చేసింది. పిల్లాడి రాత తన చేతులతోనే చెడగొట్టింది.

అంతలో జనం మధ్యనుంచి ఒక ఆడగొంతు ఖంగున లేచింది.

"ఒరేయ్ ఫెర్గస్! ఆ స్తంభాలు పెళ్ళిపందిరి అనుకున్నావా, అలా సిగ్గుపడుతున్నావు? తన్నరా దున్నపోతా!"

జనమంతా గిర్రున తిరిగారు. వానకోటు తలమీదికి లాక్కుని, కుల్గారా కండువా మెడకు చుట్టుకున్న మనిషి ఎవరో కంచెమీదికి వంగి ఉంది.

"నోర్ముయ్!" అన్నారు పదిమంది.

ఆవిడ వింటేగా. "మీ నాన్న పైనుంచి చూడలేక కళ్ళు మూసుకున్నాడ్రా! ఆయన మాత్రం తక్కువ తిన్నాడా, బతికున్నన్నాళ్ళూ ఒక్క గోలు తిన్నగా కొట్టిన పాపాన పోలేదు! మీ వంశంలోనే లేదురా అది!"

అమ్మో అనుకుంది బ్రిజిడ్. తిట్టమంది గానీ, ఇంత మాట అనమందా?

ఫెర్గస్ తల వాలిపోయింది. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది బ్రిజిడ్. తలెత్తేసరికి వాడు నవ్వుతున్నాడు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నవ్వుతున్నాడు. ఊపిరి వదిలాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తన్నాడు.

బంతి ఎంత తిన్నగా పోయిందంటే, గోల్ అంపైరు ఉన్నచోటునుంచి అంగుళం కదలకుండా గోలేనని రెండు వేళ్ళూ చూపించాడు. కార్ల హారన్లన్నీ ఒక్కసారే మోగాయి. బార్నీ ఎవరి మెడ దొరికితే వాళ్ళ మెడ కౌగిలించుకుంటున్నాడు.

క్లిఫ్ మాత్రం కందగడ్డలా మొహం చేసుకుని వానకోటు మనిషి దగ్గరికి దూసుకెళ్ళాడు. ఆవిడ మెడలోని కండువా తీసి, పక్కనున్న అమ్మాయికి తిరిగి ఇచ్చేస్తోంది.

"మా కండువా చుట్టుకుని మా పరువు తీశావు గదమ్మా! పోయినవాడిమీద పరాచికాలా? అసలు ఆ పోయిన మనిషి ఎవరో తెలుసా నీకు?"

ఆవిడ వానకోటు వెనక్కి తోసి, కళ్ళు తుడుచుకుంది.

"తెలుసు బాబూ. మా ఆయన."