పదికి తొమ్మిది

“ఇది పేరా కాదు, సామాన్ల చిట్టా,” అన్నాడు మాస్టారు, కాగితం వెనక్కి ఇచ్చేస్తూ.

ఆదివారం మూడింటి వ్యాసరచన బ్యాచ్ పెద్దవాళ్ళది. మాస్టారి ఇంటి ముందుగదిలో నాలుగు బెంచీలు, ఒక నల్లబల్ల. ప్రమోషన్ పరీక్ష రాయాల్సిన గుమాస్తా ఒకాయన. రిపోర్టులు రాయలేక తిట్లు తింటున్న నర్సు ఒకావిడ. కూతురి స్కూలుకి ఉత్తరం రాసి పరువు పోగొట్టుకున్న టైలరు ఒకడు. చివరి బెంచీలో కూర్చునే ఆమె ఎందుకు చేరిందో మాత్రం మాస్టారు అడగలేదు.

అందరికంటే ముందు వచ్చి బెంచీలు తుడిచేది. అందరూ వెళ్ళాక తన కాగితం చూపించేది.

ఆ గదిలో ఎవరైనా సరే ఆయన్ని మాస్టారూ అనే పిలవాలి. ఆయన మాత్రం నెరిసిన జుట్టు గుమాస్తాతో సహా అందరినీ నువ్వే అంటాడు.

“పొద్దున ఐదింటికి లేస్తాను. పాలు కాస్తాను. మా ఆయనకి కాఫీ ఇస్తాను. పేపరు చదువుతూ తాగుతాడు...” అని సాగింది ఆమె రాసింది.

“కాలక్రమం బాగానే ఉంది. వరస తప్పలేదు. కానీ దేని గురించి చెప్తున్నావ్? పేరాకి ఒక కీలక వాక్యం ఉండాలి. మిగతావన్నీ దాని చుట్టూ తిరగాలి.”

“అన్నీ మా ఆయన చుట్టూనే తిరుగుతున్నాయి కదా మాస్టారూ?”

“మనిషి చుట్టూ కాదు, విషయం చుట్టూ.”

మరుసటి వారం పోలిక రాసుకొచ్చింది. పెళ్ళైన కొత్తలో ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది. మాస్టారు రెండుసార్లు చదివి పెదవి విరిచాడు.

“తేడా ఏదీ? అప్పుడూ మాట్లాడలేదు, ఇప్పుడూ మాట్లాడడు. రెండు పక్కలా ఒకటే ఉంటే ఇంక పోలిక దేనికి?”

“నాకూ రాశాకే తెలిసింది మాస్టారూ.”

“రాసేముందు ఆలోచించాలి.”

ఆ పై వారం కాగితం మీద ఒకటే వాక్యం ఉంది. ‘మా ఆయన నన్ను చూడడు.’

మాస్టారు దాని కింద ఎర్రగీత గీశాడు. “శభాష్! ఇదీ కీలక వాక్యమంటే. కానీ వట్టిమాట ఎవడు నమ్ముతాడు? ఉదాహరణ కావాలి. ఫలానా రోజు, ఫలానా చోట, ఫలానాది జరిగింది అని ఉండాలి.”

ఆమె అక్కడే కూర్చుని రాసింది. ‘కిందటేడు చాకు కోసుకుని బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాయి. పన్నెండు రోజులు కట్టుతో తిరిగాను. పదమూడో రోజున, ఈమధ్య గిన్నెలు సరిగ్గా తోమడం లేదేమిటి అని అడిగాడు.’

మాస్టారు పకపకా నవ్వాడు. “భలే! కల్పించి రాసినా అచ్చం జరిగినట్టే ఉంది.”

“ఇదిగో, ఇక్కడ,” అంటూ ఆమె ఎడమ బొటనవేలు కాగితం మీద ఆనించి చూపించింది.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని అటే చూశాడు. “అవును, అక్కడో కామా పడాలి.”

నాలుగో వారం కారణాల వంతు. ఆమె ఏడు కారణాలు రాసింది. ఏడూ చిన్నవే. ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంటే గది ఇరుకైనట్టు అనిపించింది మాస్టారికి. ఆ మాట ఆమెతో అన్నాడు కూడా. చివరికొచ్చేసరికి మళ్ళీ మొహం చిట్లించాడు.

“ఫలితం ఏదీ? ఇన్ని కారణాలు చెప్పి ఊరుకుంటే ఎలా? ఇంత జరిగాక ఈ మనిషి ఏం చేసింది?”

“ఏం చెయ్యాలి మాస్టారూ?”

“నన్నడుగుతావేం? పేరానే చెప్తుంది. పై వాక్యాలు ఎటు తీసుకెళ్తే చివరి వాక్యం అటే వెళ్ళాలి. నాన్చకూడదు. మొహమాటపడకూడదు.”

ఆ వారమంతా ఆమె చివరి వాక్యం దగ్గరే ఆగిపోయింది. బియ్యం కడుగుతూ మనసులో రాసుకుంది. బట్టలు ఆరేస్తూ కొట్టేసింది. ఒకరోజు కూరగాయల సంచీతో నడిరోడ్డు మీద నిలబడి పైకే అనేసుకుంది. పక్కన వెళ్తున్నాయన “నన్నేనా?” అని అడిగాడు కూడా.

ఐదో ఆదివారం అందరూ వెళ్ళాక పేరా మొత్తం తిరగరాసి తెచ్చింది. చేతిలో పెద్ద బ్యాగు ఉంది.

“కొంచెం త్వరగా చూడండి మాస్టారూ. ఐదింటి బస్సుకి వెళ్ళాలి.”

“ఊఁ,” అన్నాడు మాస్టారు, తలెత్తకుండా.

చదివాడు. మొదటి వాక్యం సూటిగా ఉంది. ఉదాహరణలో కామా పడింది. కారణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. అన్నిటికన్నా కింద, ‘వెళ్ళిపోవాలనుకుంటున్నాను’ అన్నది కొట్టేసి, ‘అందుకని వెళ్ళిపోతున్నాను’ అని ఉంది.

“ఇది ఎందుకు మార్చావ్?”

“నాన్చొద్దని మీరే అన్నారు.”

మాస్టారు పెన్ను మూత తీశాడు. ఆయన చేతి ఎర్రపెన్ను ఇంతవరకూ ఏడు దాటలేదు. ఇవాళ పదికి తొమ్మిది వేసింది.

“వెళ్ళిపోవడం సబబే అనిపించిందా మాస్టారూ, చదువుతుంటే?”

“ఇంకో దారే లేదు. ఎక్కడా అతుకు కనపడలేదు.”

ఆమె కాగితం అందుకోలేదు. బల్ల మీదే ఉండనిచ్చి, బ్యాగు భుజానికి తగిలించుకుంది.

“మరి ఆ ఒక్క మార్కూ ఎందుకు తగ్గించారు?”

“ఆ మొగుడు,” అన్నాడు మాస్టారు, పెన్నుకి మూత పెడుతూ. “అంతా బాగుంది కానీ, ఆ మనిషి కళ్ళకు కట్టడం లేదు. ఎవడై ఉంటాడా అని ఎంత ఆలోచించినా అందడం లేదు.”

ఆమె గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, ఒకసారి వెనక్కి తిరిగి, “ఏవండీ, మీ బీపీ మాత్రలు బీరువాలో రెండో అరలో ఉన్నాయి,” అని చెప్పి, ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన ఇంటి మెట్లు దిగింది.