మరియదాసు మొదటి రికార్డు

“సౌండు ఇంకాస్త పెంచండి,” అంది అమలమ్మ.

సంజీవరావు అప్పటికే రెండుసార్లు పెంచాడు. అతను మద్రాసు నుంచి మోసుకొచ్చిన టేపు రికార్డరులో మరియదాసు గొంతు చించుకుని పాడుతున్నాడు. ఎలక్ట్రిక్ గిటారు మోతకి గుణదల కొండ కింది ఆ రెండు గదుల పెంకుటిల్లు అదిరిపోతోంది.

“ఎంత విన్నా తనివి తీరదమ్మా మీకు. ఏడేళ్ళ కిందట స్టూడియోలో ఈ పాటలు రికార్డు చేసింది నేనే. ఆ రోజు మీ ఆయన నా చేతులు పట్టుకుని, ‘సంజీవరావుగారూ, రికార్డు ప్లేటు బయటికొస్తుందంటారా?’ అని అడిగారు.”

“మరెందుకు రాలేదండీ?”

అతను తల దించుకున్నాడు. “మా ప్రొప్రయిటరుగారు విని, తెలుగులో ఈ రాక్ గోల ఎవడు వింటాడయ్యా, బీరువాలో పడెయ్ అన్నారు.”

అమలమ్మ అది ఊహించనిది కాదు. మరియదాసు మద్రాసుకి రాసిన ఉత్తరాలన్నీ పోస్టులో వేసింది ఆమే. ఒక్కదానికీ జవాబు లేదు. పెళ్ళిళ్ళ బ్యాండులో సినిమా పాటలు వాయించి వచ్చి, కంచం ముందు కూర్చుని, ‘పోస్టేమైనా వచ్చిందా?’ అని అడిగే మనిషికి ఆమె రోజూ లేదనే చెప్పేది.

జవాబు మొన్న నవంబరు ఉప్పెన తరవాత వచ్చింది. అవనిగడ్డ పెళ్ళికి వెళ్ళిన మరియదాసు గిటారు పెట్టె పేరుతో సహా బురదలో దొరికిందనీ, మనిషి ఆచూకీ లేదనీ పేపర్లో పడింది. వారం తిరక్కుండా మద్రాసు నుంచి సంతాపం తెలుపుతూ ఉత్తరం, దాని వెనకే ఈ మనిషి. ఇల్లు వెతుక్కుంటూ నలుగుర్నీ అడగడం దేనికని అమలమ్మే స్టేషనుకి వెళ్ళి తీసుకొచ్చింది.

“ఇప్పుడు మాత్రం ఎవరు వింటారండీ?”

“ఇప్పుడు వింటారమ్మా. ఉప్పెనలో పోయిన గాయకుడి పాటలని కవరు మీద వేస్తున్నాం. ఉన్నమాట చెబుతున్నాను, ఏమనుకోకండి. ఆయన బతికుంటే మా ప్రొప్రయిటరుగారు ఈ టేపు ముట్టుకునేవారు కాదు. వచ్చే నెల బీరువా ఖాళీ చేస్తున్నారు. పాత టేపులన్నీ చెరిపేసి, వాటి మీదే కొత్త పాటలు రికార్డు చేస్తారు. మీరు సంతకం పెడితే ఇదొక్కటీ మిగులుతుంది.”

అమలమ్మకి ఒళ్ళు మండిపోయింది. “మనిషి ఉండగా పనికిరాని పాట, పోయాడనగానే పనికొచ్చిందా?”

సంజీవరావు ఒప్పందం కాగితం ముందుకు జరిపాడు. ‘కీర్తిశేషులు మరియదాసు గారి భార్య’ అన్న చోట వేలు పెట్టి చూపించాడు. ఆమె ఆ మాట మళ్ళీ చదువుకుంది. సిలువ గుర్తు వేసుకుని సంతకం పెట్టింది.

“ఇంకొక్కటమ్మా. కవరు మీదికి దండ వేసిన ఫోటో కావాలన్నారు.” సంచిలోంచి చామంతుల దండ, కెమెరా బయటికి తీశాడు. “మీ చేత్తోనే వెయ్యండి.”

గోడ మీది ఫోటోలో మరియదాసు కొత్త గిటారు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆమె దండ ఎత్తినట్టే ఎత్తి దించేసింది. “నా వల్ల కాదండీ.”

“అది లేకుండా వస్తే మా ప్రొప్రయిటరుగారు ఊరుకోరమ్మా.”

ఆమె కళ్ళు మూసుకుని దండ వేసేసింది. సంజీవరావు ఫోటో తీసుకున్నాడు. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. ఆ ప్రొప్రయిటరు ఎదురుగా ఉంటే మొహం మీద ఉమ్మేసేది.

“ఊరుకోండమ్మా. సంక్రాంతి దాటగానే ప్లేటు వచ్చేస్తుంది. ఊరూరా రేడియోలో వింటారు చూడండి,” అంటూ అతను సామాను సర్దుకుని రిక్షా ఎక్కాడు.

రిక్షా సందు మలుపు తిరిగేదాకా అమలమ్మ గుమ్మంలోనే నిలబడింది. వీధి తలుపు గడియ పెట్టింది. ఫోటో మీది దండ తెంపి అవతల పారేసింది.

“బయటికి రండి, ఇక జన్మలో పాడకండి,” అంది లోపలి గది తలుపు తీసి.