సీకులకు ఎర్రది, చేపకు తెల్లది

“ఆ ఎర్రది తీసేయప్పా. చేపకు తెల్లదే పడుతుంది,” అన్నాడు హర్షవర్ధన్.

ఓబుళేశు వైను గ్లాసు మార్చాడు. బొగ్గుల మీద నుంచి తీసిన చేప ముక్క మీద నిమ్మకాయ పిండి, పిట్టగోడ దగ్గరున్న చైతన్య పళ్ళెంలో పెట్టి వెనక్కి వచ్చేశాడు. కడపలో మిట్టమధ్యాహ్నం మేడ మీద నిప్పుల ముందు నిలబడటమంటే మాటలు కాదు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

మధులత మిగిలిన గ్లాసులు తుడుస్తూ ఆ వైపే చూస్తోంది. చైతన్య ముట్టందే తను మెతుకు ముట్టనని కూర్చుంది. పొద్దుటి నుంచి మంచినీళ్ళే.

“నువ్వన్నా రెండు ముద్దలు తినమ్మా,” అన్నాడు ఓబుళేశు.

“ముందు మా ఆయన్ని తిననీయన్నా.”

మొదట మటన్ సీకులు పెట్టారు, ఎర్ర వైనుతో. అరగంటైనా ముట్టలేదు. తర్వాత కాల్చిన కోడి ముక్కలు, గులాబి రంగు వైనుతో. అదీ అంతే. ఈ జతలేవీ వీళ్ళ తెలివి కాదు. గండికోట పార్టీ కోసం చైతన్యే ముగ్గురి గ్రూపులో వరసగా రాసి పెట్టాడు. ఏడాదిగా అతనికి అదే పిచ్చి. బీరూ మిరపకాయ బజ్జీల స్నేహితులకు వైను తాగే పద్ధతి నేర్పిస్తానని ఒకటే పోరు. ఆ పార్టీ జరగలేదు. అందుకే ఈ రోజు మేడ మీద అవన్నీ అదే వరసలో చేసి పెడుతున్నారు.

“వానికి యాడనో మనసు నొచ్చుండాది,” అన్నాడు హర్షవర్ధన్ గొంతు తగ్గించి. “లేకుంటే సీకులు చూసి ఆగే మనిషా?”

“మనం దగ్గరుంటే ముట్టడేమో. ఇంకొంచెం ఎడంగా రాండి,” అంది మధులత.

ముగ్గురూ మెట్ల గది నీడలోకి జరిగారు. హర్షవర్ధన్ జేబులో ఫోన్ మోగింది. ఓబుళేశు ఉలిక్కిపడ్డాడు. గండికోట ఆదివారం నుంచి పదకొండు రోజులుగా ఇదే వరస. ఎవరి ఫోన్ మోగినా చైతన్యే చేస్తున్నట్టు అనిపిస్తోంది.

“ఏందో మనసులో పెట్టుకోనుండాడు,” అంది మధులత. “మీకేమన్నా తెలిస్తే చెప్పండన్నా.”

“నాకేం తెల్దమ్మా. పార్టీ లేదని ఓబుళేశు చెప్తే నేను ఇంట్లోనే ఉండిపోతి,” అన్నాడు హర్షవర్ధన్. “చైతన్యే వద్దన్నాడంట.”

మధులత ఓబుళేశు వైపు తిరిగింది. “ఆయనెందుకు వద్దంటాడన్నా? పొద్దున్నే బొగ్గులూ సీసాలూ కార్లో పెట్టుకొని పోయినాడే.”

ఓబుళేశు చేతిలోని పట్టకారును అటూ ఇటూ తిప్పాడు. చెబితే ఈ ఇంటి గడప మళ్ళీ తొక్కనివ్వరు. చెప్పకపోతే ఆ పళ్ళెం అలాగే ఉంటుంది, మధులత పస్తే ఉంటుంది. చివరికి పట్టకారు కింద పెట్టి, ఎండలోకి నడిచి, పళ్ళెం ముందు చేతులు జోడించాడు.

“రే చైతన్యా, తప్పు నాదిరా. పార్టీ లేదని హర్షకు చెప్పింది నేనే. నాకు జరమని నీకు చెప్పింది గూడా అబద్ధమే. నీ వైను పాఠాలు వినలేక ఇంట్లో పండుకొని క్రికెట్ చూస్తాంటి. నువ్వు ఆ లోయ అంచున ఒక్కడివే కూచ్చోని నాలుగుసార్లు ఫోన్ చేసినావు. మోగుతాంటే బోర్లా పెట్టినా. నా మీద కోపముంటే నా మీదే పెట్టుకోరా. ఆయమ్మను పస్తు పెట్టొద్దు.”

వెనక హర్షవర్ధన్ గోడ వైపు తిరిగాడు.

“ఒక్కసారి ఎత్తింటే బాగుండు కదన్నా,” అంది మధులత. తిట్టి ఉంటే తట్టుకునేవాడే. ఆ మాటకు మాత్రం ఓబుళేశు ఏడ్చేశాడు.

తిరిగి నీడలోకి వచ్చాడు. ఆమె పక్కన నిలబడే మొహం లేక రెండు మెట్లు దిగి నిలబడ్డాడు. బొగ్గుల మీద మిగిలిన చేప ముక్క మాడుతోంది. ఎవరూ తీయలేదు.

కాకి వచ్చి ముట్టింది.