మొరం బాటలో నల్లబెల్లం

నల్లబెల్లం దొంగను ఒక్కణ్ణి పట్టుకుంటే తన పొట్ట సంగతి పైవాళ్ళు మరిచిపోతారని సబ్ ఇన్‌స్పెక్టర్ ఆత్మారాం లెక్క వేసుకున్నాడు.

ఆ పొట్టకు పెద్ద ఆపదే వచ్చిపడింది. దసరాకు ముందు పెరేడ్‌లో డీఎస్పీ ఆయన బెల్టు వైపు చాలాసేపు చూశాడు. ఎండాకాలం తనిఖీ నాటికి మైదానం చుట్టూ ఆగకుండా పరుగెత్తలేకపోతే, కొలువుకు పనికిరాడని రాసి పంపుతానన్నాడు. కానిస్టేబుళ్ళందరి ముందూ అన్నాడు. ఆత్మారాంకు ఠాణా మెట్లెక్కితేనే ఆయాసం. రోజూ పొద్దున నడవమని డాక్టరు చెబితే, నడవడం పోస్ట్‌మాన్ల పని అని కొట్టిపారేశాడు. కొలువు పోతే ఇల్లెట్లా గడుస్తుందని మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

అప్పుడే భార్య శ్యామలమ్మ ఒక కబురు చెప్పింది. పాలు పోసే పోశన్న చూశాడట. సారా కాచేవాళ్ళ కోసం బోధన్ వైపు నుంచి నల్లబెల్లం వస్తోందట. బుధవారం, శనివారం సాయంత్రాలు ఎవడో దాన్ని సైకిల్ మీద ఇందల్వాయి గుట్టల్లో ఎర్ర కంకరమట్టి పరిచిన మొరం బాట గుండా దాటిస్తున్నాడట. ఆడవాళ్ళ ముచ్చట్లు తనకు చెప్పొద్దని ఆత్మారాం కసురుకున్నాడు. మర్నాడు ఠాణాలో మాత్రం, తన వేగులు ఎంత దూరం పాకి ఉన్నారో చెప్పి మీసం దువ్వుకున్నాడు.

ఆ బాట అడవి శాఖ వాళ్ళు టేకు చెట్ల నడుమ గుట్ట మీదికి వేసుకున్నది. మొదట్లోనే అడ్డంగా దుంగ, దానికి గొలుసు. బస్సు రాదు, లారీ రాదు, ఎడ్లబండి కూడా రాదు. జీపు ఎలాగూ పోదు. కానిస్టేబుళ్ళను వెంట తీసుకుపోతే పేరు పంచుకోవాలి. అందుకని అద్దె సైకిళ్ళ కొట్టు నుంచి ఒక సైకిల్ తెప్పించి, సీటు కింద గట్టి స్ప్రింగులు వేయించుకున్నాడు. అద్దె అడిగేంత ధైర్యం కొట్టువాడికి లేదు.

మొదటి బుధవారమే దొంగ కనబడ్డాడు. ముఖానికి రుమాలు చుట్టుకున్నాడు, వెనక క్యారియర్‌కు సంచి కట్టుకున్నాడు. ఆత్మారాం వెంటబడ్డాడు. మొదటి ఎత్తు దగ్గరే సైకిల్ దిగి, మోదుగ చెట్టు కింద కూలబడి నోటితో గాలి పీల్చుకున్నాడు. దొంగ పై మలుపులో ఆగి, ఈయన లేచి నిలబడేదాకా చూసి, గంట కొట్టి మరీ వెళ్ళిపోయాడు.

పోలీసు శాఖకు అంతకన్నా అవమానం ఉండదని ఆత్మారాం పళ్ళు నూరాడు.

ఇంట్లో శ్యామలమ్మ మొక్కు మొక్కుకుంది. ఆయన దొంగను పట్టేదాకా ఈ ఇంట్లో తీపి, నెయ్యి ఎవరూ ముట్టరాదట. జొన్నరొట్టె, ఆకుకూర పెట్టింది. తన విజయం కోసం ఇంత కఠినంగా మొక్కుకునే ఇల్లాలు జిల్లాలో మరొకరు లేరని ఆత్మారాం గర్వపడ్డాడు. పక్కింట్లోంచి పూర్ణం పెట్టి కాల్చే భక్షాల వాసన వచ్చిన రోజున ఆ గర్వం కొంచెం తగ్గింది.

బాట అలవాటు కావాలని మిగతా రోజుల్లోనూ వెళ్ళసాగాడు. దీపావళికి మొదటి ఎత్తు దాటాడు. మోదుగ పూసేనాటికి రెండోది దాటాడు. బెల్టుకు కొత్త బెజ్జాలు పొడిపించాడు, తోలు పాతబడి సాగిందనుకుని. దొంగకూ తనకూ నడుమ దూరం తగ్గుతోంది. పైగా ఈ మధ్య దొంగ సైకిల్ ఎత్తు ఎక్కేటప్పుడు కిర్రుమంటోంది. ఆశ పెరిగి సరుకు పెంచాడని ఆత్మారాం ఇట్టే కనిపెట్టాడు.

తనిఖీ సోమవారం. శనివారం నాడు ఆయన చివరిసారిగా బాట పట్టాడు. ఇవాళ దొంగ దొరకకపోతే ఎల్లుండి కొలువు పోయినట్టేననుకున్నాడు.

మూడో ఎత్తులో దొంగ సైకిల్ దిగి, రొప్పుతూ నెట్టుకుంటున్నాడు. ఆత్మారాం ఆగకుండా తొక్కుకుంటూ పోయి వాడి మెడ పట్టుకున్నాడు. రుమాలు లాగి చూస్తే, రోజూ పొద్దున తన ఇంటి గుమ్మంలో నిలబడే మొహమే. కాకపోతే బాగా ఉబ్బింది.

"పాలల్ల నీళ్ళు పోస్తవనుకున్న గని, గీ పని గూడ జేస్తవార పోశన్నా?"

పోశన్న హ్యాండిల్ మీద వాలిపోయి నోటితో గాలి పీల్చుకుంటున్నాడు. ఆత్మారాం సంచి మూతి విప్పాడు. అందులో నల్లబెల్లం లేదు. ఇత్తడి టిఫిన్ డబ్బా ఉంది. మూత మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి: శ్యామలమ్మకు పెండ్లి కానుక, మేనమామ లింబయ్య.

మూత తీశాడు. నేతిలో మునిగిన భక్షాలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

ఆత్మారాం మొరం మీద చతికిలబడ్డాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆయాసం లేకుండా కూర్చున్నాడు, ఆ సంగతి ఆయనకే తెలియలేదు.

"గిది మా ఇంటి డబ్బా. నీ చేతికెట్ల వచ్చింది?"

పోశన్న రుమాలుతో చెమట తుడుచుకున్నాడు.

"అమ్మనే ఇచ్చింది సాబ్. నడువుమంటే నడువడు, దొంగ కనబడితే ఆగడు, నువ్వు ముందుగల్ల పో అన్నది. పట్టుకున్న నాడు సాబ్‌కు పెట్టు, పట్టుకోకుంటె నువ్వే తిను అన్నది. దసరా కాడికెల్లి నేనే తింటున్న సాబ్, గందుకే ఇయ్యాల గుట్ట ఎక్కలేక దొరికిన."