అడ్డంగా నిలబడ్డ మనిషి

"జరగండి, జరగండి!"

మాట నోట్లో ఉండగానే పరిశోధకురాలి చేతిలోని ఐసు పెట్టె జారింది.

మూత ఊడి, చిటికెన వేలంత సీసాలు ఆసుపత్రి వరండా నిండా దొర్లాయి.

కీళ్ల గుజ్జులోంచి నెలల తరబడి తంటాలు పడి తీసిన ప్రోటీన్ అది. ఎవరి కాలైనా పడిందంటే ఇన్నాళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

మోకాళ్ల మీద కూలబడి ఏరుకోసాగింది.

ఎదురుగా ఒక పెద్దాయన గుంజలా నిటారుగా నిలబడి ఉన్నాడు. సీసాలు కొన్ని ఆయన కాళ్ల దగ్గరే ఉన్నాయి. వంగి తీయలేదు సరికదా, పక్కకైనా తప్పుకోలేదు.

"ఏమండీ, ఆ రెండూ ఇలా అందిస్తే మీ సొమ్మేం పోయింది?"

"క్షమించమ్మా," అన్నాడు. తలైనా దించలేదు.

వెనకనుంచి మందుల బండి తోసుకుంటూ ఆయా వచ్చింది.

"దారివ్వండి సార్!"

ఆయన మెడ తిప్పలేదు. "అటుగా పోమ్మా," అన్నాడంతే.

ఆయా గొణుక్కుంటూ బండిని గోడవారగా తిప్పుకుంది.

"వరండా వీళ్ల తాత కట్టించాడు కాబోలు," అంది పరిశోధకురాలు, ఆయనకు వినపడేలాగే.

ఆఖరి సీసా పెట్టెలో పడ్డాకగానీ ఆ మనిషి కదల్లేదు.

ల్యాబ్‌లోకి వస్తూనే స్నేహితురాలి ముందు కోపమంతా వెళ్లగక్కింది.

"నడుం వంచితే కిరీటం పడిపోతుందేమో, మహారాజుకి!"

"పోనిద్దూ. కాసేపట్లో మామయ్య రక్తం వస్తుంది, చూసుకో."

మామయ్య వాళ్లెవరికీ మేనమామ కాదు. రక్తమిచ్చి వెళ్లే ఒక రోగి. రోగుల పేర్లు ల్యాబ్‌కు చెప్పరు. అడిగిన ప్రతిసారీ కాదనకుండా ఆదుకుంటాడని వీళ్లే ఆ ముద్దుపేరు పెట్టుకున్నారు.

వాపుతో వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే జబ్బు ఆయనది. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే సొంత కీళ్ల గుజ్జును చూసి 'దొంగ, దొంగ' అని మీద పడుతున్నాయని ఆమె అనుమానం. ఎందరి రక్తంలో వెతికినా ఎటూ తేలని ఆ సంగతి మామయ్య కణాల్లో మాత్రం స్పష్టంగా కనిపించింది. ఇవాళ మళ్లీ కనిపిస్తేనే ఆమె చదువుకు మోక్షం.

రక్తం రాగానే అందులోంచి కణాలు వేరుచేసి, పొద్దున ఏరుకున్న సీసాల్లోని ప్రోటీన్ వాటికి కలిపింది.

సాయంత్రానికి, ప్రోటీన్ మీద పడ్డ కణాలు యంత్రం తెరమీద చుక్కలుగా గుంపు కట్టాయి. మామయ్య ఈసారీ మాట నిలబెట్టాడు.

ఆమె కళ్లు చెమర్చాయి. ఒక్క పరుగున రక్తం తీసే నర్సు దగ్గరికి వెళ్లింది.

"అక్కా, ఈసారి మామయ్య వస్తే నాకో కేకెయ్యవా? చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పుకోవాలి."

"ఇంకెక్కడి మామయ్య? ఇవాళే ఆఖరట. ఇక ప్రయాణం ఒళ్లు ఓర్చుకోదని అందరికీ చెప్పి వెళ్లిపోయారు."

ఆమె మొహం వాడిపోయింది.

"పాపం, వెళ్తూ వెళ్తూ కూడా నీ గురించే అడిగారు," అంది నర్సు.

"నా గురించా? నేనెవరో ఆయనకేం తెలుసు?"

"వరండాలో సీసాలు పారబోసుకున్న అమ్మాయికి అన్నీ దొరికాయా, అని."

ఆ గుంజలా నిలబడ్డ పెద్దాయనేనా మామయ్య! ఆ జబ్బు మీద ఎన్ని పుస్తకాలు నమిలి మింగిందో! అదే జబ్బు కళ్లెదుట నిలబడితే పొగరనుకుంది.

"నామీద కోపంగా ఉన్నారా అక్కా?" అడిగింది.

"కోపమా! 'వంగి తీయలేనివాణ్ణి, ఎవరూ తొక్కకుండా అడ్డమైనా నిలబడగలిగాను' అని సంతోషపడుతూ వెళ్లారు."