గోడ అవతలి యంత్రం

‘తేదీ చెల్లదు’ అని తెర మీద పడగానే పెద్దావిడ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

“పాడు చేశానా బాబూ?”

“అబ్బే, లేదాంటీ. మళ్ళీ రాయండి,” అన్నాడు డిజైనర్.

“మళ్ళీ రాస్తే మళ్ళీ చెల్లదంటుంది. తప్పని చెప్పి ఊరుకుంటే ఎలా? ఎలా రాయాలో చెబితే రాయనూ!”

డిజైనర్ నవ్వి, తన పుస్తకంలో ‘ఈవిడకి తేదీ రాయడం రాదు’ అని రాసుకున్నాడు.

పల్చటి చెక్కగోడకి అవతల, సామాన్ల గదిలో కూర్చున్న టైపిస్టుకి అదంతా వినిపించింది.

ఆ ‘తేదీ చెల్లదు’ టైపు చేసింది ఆమే.

ఆస్పత్రి అపాయింట్‌మెంట్లు ఇచ్చేందుకు డిజైనర్ రూపొందిస్తున్న యంత్రం ఇంకా తయారవలేదు. అది తయారయ్యేలోపు గోడ వెనక ఒక మనిషిని కూర్చోబెట్టి, యంత్రంలా జవాబులు ఇప్పిస్తూ, పెద్దవాళ్ళు దాన్ని ఎలా వాడతారో చూస్తున్నారు.

షరతు ఒక్కటే. అవతల మనిషి ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే పరీక్ష చెత్తబుట్టకి, టైపిస్టు ఇంటికి.

ఇల్లంటే హాస్టల్లో ఒక మంచం. నలభై రెండేళ్ళ వయసులో, ఎన్ని గుమ్మాలెక్కి దిగాకో దొరికిన పని ఇది.

అందరికంటే గంట ముందు రావాలి. అందరూ వెళ్ళాక వెళ్ళాలి. మధ్యాహ్నం డబ్బా అట్టపెట్టెల మధ్యే విప్పుకోవాలి. దగ్గొస్తే చేతిరుమాలు నోట్లో కుక్కుకోవాలి.

రోజూ ఇరవై మందికి జవాబు చెబుతుంది. ఆమెని పలకరించేవాళ్ళు మాత్రం లేరు.

రెండో బుధవారం మళ్ళీ వచ్చిన పెద్దావిడ డాక్టరు దగ్గరికి వెళ్ళే వేళ ఖాయం చేసుకుంది. లేవబోతూ మళ్ళీ కూర్చుని ఇంకో మాట టైపు చేసింది.

‘తిన్నావా అమ్మా?’

టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. ఆ మాట ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయింది!

కానీ యంత్రం చెప్పాల్సిన జవాబులు పదహారే. కాగితం మీద రాసి ఎదురుగా అంటించి ఉన్నాయి. అందులో పన్నెండోది టైపు చేసింది.

‘క్షమించండి. మీ ప్రశ్న నాకు అర్థం కాలేదు.’

ఆవిడ వెళ్ళాక డిజైనర్ సామాన్ల గదిలోకొచ్చి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

“చూశారా మేడమ్? యంత్రాన్ని పట్టుకుని తిన్నావా అంటోంది! ఆడో మగో కూడా తేల్చేసింది. ఇంటికెళ్ళి ఫ్రిజ్‌కి చలేస్తోందని దుప్పటి కప్పుతుందేమో!”

టైపిస్టు కూడా నవ్వింది. అతను తనతో పని కాని మాట మాట్లాడటం అదే మొదటిసారి.

మూడో బుధవారం పొద్దున హాస్టల్ తలుపు సందులో పడి ఆమె ఎడమచేతి చిటికెన వేలు నలిగింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు గనక!

జవాబులు ఆలస్యమయ్యాయి. ఆ వేలితో కొట్టాల్సిన అక్షరాలు తప్పాయి.

“ఏమయ్యా, లోపల ఎవరన్నా కూర్చుని కొడుతున్నారా ఏంటి?” అన్నాడు మొదట వచ్చిన పెద్దమనిషి.

ఆయనకి ఏదో సర్దిచెప్పి పంపించి, డిజైనర్ సామాన్ల గది తలుపు తీశాడు.

“ఇంకొక్కరు ఆ మాటన్నారంటే మీ కుర్చీలో వేరేవాళ్ళుంటారు మేడమ్. తర్వాత చెప్పలేదనకండి.”

తర్వాతి వంతు పెద్దావిడది. ఆ రోజు ఆవిడ చాదస్తం అంతా ఇంతా కాదు. ఒక ముక్క రాస్తుంది, కళ్ళజోడు తుడుస్తుంది. ఇంకో ముక్క రాస్తుంది, మంచినీళ్ళు అడుగుతుంది.

“కానివ్వండాంటీ, బయట ఇంకా నలుగురున్నారు!”

“ముసలి ప్రాణం బాబూ. నీతో పాటు పరిగెత్తమంటే ఎక్కడ?”

వెళ్ళే ముందు మళ్ళీ అదే ధోరణి. ‘ఒళ్ళు జాగ్రత్త తల్లీ.’

టైపిస్టు భయపడింది. ఇలా మాటలు కలుపుతూ పోతే ఏదో ఒకరోజు ఈవిడే పసిగట్టేస్తుంది. తన కూడు పోతుంది.

సాయంత్రం డిజైనర్ జాబితా పట్టుకొచ్చాడు.

“ఈ ఆంటీని తీసేద్దామా? యంత్రానికీ మనిషికీ తేడా తెలీనావిడతో మనకేం తేలుతుంది?”

“తీసేయండి సార్,” అంది టైపిస్టు, అతని మాట పూర్తికాకుండానే.

నాలుగో బుధవారం ఆ వేళకి వేరెవరో వచ్చారు. పని చూసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ అంతే.

ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు.

పరీక్ష ముగిసింది. వచ్చినవాళ్ళు నింపిన పత్రాలు కంప్యూటర్లోకి ఎక్కించి, కాగితాలు చింపేసే పని టైపిస్టుకి అప్పగించారు. పేరూ చిరునామా ఉన్న పై ముక్కలు నియమం ప్రకారం అప్పటికే కత్తిరించి పారేశారు.

‘తప్పు అన్నప్పుడు ఒప్పేదో కూడా చెప్పాలి’ అని రాసి ఉండటం చూసి, అవి పెద్దావిడ కాగితాలని పోల్చుకుంది.

మూడు వారాలవి మూడు. ‘మీకు జవాబిచ్చింది ఎవరనిపించింది?’ అన్న ప్రశ్నకి మూడింటిలోనూ ‘యంత్రం’ గడిలోనే టిక్కు ఉంది. కాగితం చిరిగేంత ఒత్తి పెట్టిన టిక్కు.

మూడో కాగితం అడుగున ఏవో రెండు వాక్యాలు రాసి, ఎవరి కంటా పడకూడదన్నట్టు గజిబిజిగా కొట్టేసి ఉన్నాయి.

టైపిస్టు కాగితాన్ని కిటికీ వెలుతురులో ఎత్తి పట్టుకుని, కూడబలుక్కుని చదివింది.

‘లోపలి అమ్మాయి ఎడమ చిటికెన వేలికి దెబ్బ తగిలింది. ఈ పూటకి సెలవివ్వండి.’

ఆమె గబగబా మొదటి కాగితం తీసింది.

డిజైనర్ వయసు తప్ప ఇంకేమీ చూడని వివరాల్లో, ‘చేసిన ఉద్యోగం’ అన్నచోట, పొందికైన అక్షరాలతో రాసి ఉంది: ‘టైపింగ్ టీచర్, ముప్పై ఒక్క సంవత్సరాలు.’