కొర్రగుడ ఎక్కడుంది?

"మా ఊరు తీసుకెళ్లి ఎక్కడ పెట్టారు సార్?" మాధవి ఫోనులో అరిచినంత పని చేసింది.

అవతల విశాఖపట్నంలో వరహాలరావు నిమ్మళంగా నవ్వాడు. "పెట్టింది నేను కాదమ్మా, సర్కారు. వాళ్ల సర్వే డేటా అంతా మన పటంలోకి ఎక్కించేశాను. ఏజెన్సీలో ఊళ్లన్నీ ఒక్క పూటలో నిండిపోయాయి. మెచ్చుకోవాల్సింది పోయి కోప్పడతావేంటి?"

ఆ పటం ఎవరి సొత్తూ కాదు. తెలిసినవాళ్లు తమకు తెలిసిన దారులూ వాగులూ ఊళ్లూ ఇంటర్నెట్‌లో గీసిపెడితే, అందరూ ఉచితంగా వాడుకునే పటం. వరహాలరావు కూడా అలా గీసేవాళ్లలో ఒకడే, కాకపోతే వాళ్లందరికీ పెద్ద తలకాయ. అనంతగిరిలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసులో పనిచేసే మాధవి, జీపీఎస్ పట్టుకుని కాళ్లరిగేలా కొండలెక్కి, ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ అందులో పెట్టింది. తన సొంతూరు కొర్రగుడ కూడా పెట్టింది. ఇప్పుడు చూస్తే కొర్రగుడ కొండకి అవతలి పక్కనుంది. ఊరేమన్నా కోడిపెట్టా, ఎగిరి కొండ దాటడానికి!

"అది పాత కొర్రగుడ సార్. ఎప్పుడో జ్వరాలొచ్చి మనుషులు పోతే, ఊరంతా లేచి ఇవతలకి వచ్చేశాం. చావులు పడ్డ చోట మావాళ్లు మళ్లీ పొయ్యి వెలిగించరు. అక్కడ మొండిగోడలు తప్ప ఏమీ లేవు."

"నువ్వు చెప్తే సరా? అది సర్కారు సర్వే. నీది చేత్తో పెట్టిన చుక్క."

"ఊళ్లో మళ్లీ జ్వరాలు సార్. మా అమ్మ సోములమ్మ మంచం పట్టింది. డాక్టరుగారు ఈ పటం చూసుకుని పాతూరికెళ్లి, ఎవరూ లేరని తిరిగొచ్చేశారు."

"ఋజువులు పంపమ్మా, చూద్దాం," అని వరహాలరావు ఫోను పెట్టేశాడు.

మాధవికి ఒళ్లు మండిపోయింది. చుక్కని పట్టుకుని ఇవతలకి జరిపింది. మర్నాటికి అది మళ్లీ అవతలే ఉంది. ఇంకోసారి జరిపింది. ఈసారి వెనక్కి జరపడమే కాదు, 'సర్కారు డేటా మార్చకూడదు' అని పక్కనే రాసిపెట్టాడు మహానుభావుడు.

డాక్టరు రవిబాబు చిన్నవాడు, మంచివాడు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా.

"నీ మాట నేను నమ్ముతానమ్మా. పైవాళ్లు నమ్మరు," అన్నాడతను. "ఊరు ఖాళీ అని రాసేసుకున్నారు. పటంలో లేని చోటికి జీపు పంపేది లేదంటున్నారు. నువ్వు పటం మార్పించు, మర్నాడే బయల్దేరుదాం. ఆలస్యం మాత్రం చెయ్యకు. ఈ జ్వరం మెదడుకెక్కిందంటే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు."

మాధవి మళ్లీ విశాఖపట్నం ఫోను చేసింది. ఈసారి అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు.

"మా అమ్మ పోతే మీ సర్వే తెచ్చిస్తుందా సార్?" అంది. అని, ఆపుకోలేక భోరుమంది.

"అయ్యో, ఏడవకు తల్లీ. నాకూ ఉందమ్మా అమ్మ," అన్నాడు వరహాలరావు. "తప్పు నాదే. ఇదిగో, నీ ఊరు నువ్వు పెట్టిన చోటే పెడుతున్నాను. ఇక ఎవరూ కదపరు."

చుక్క కొండ దాటి ఇవతలకొచ్చింది. మాధవి కళ్లు తుడుచుకుని, ఆ పటం ప్రింటు తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

మర్నాడు పొద్దున్నే జీపు కదిలింది. కాఫీ తోటలు దాటాక దారి ఆగిపోయింది. అక్కణ్ణించి మందుల పెట్టెలు తలా ఒకటి నెత్తిన పెట్టుకుని కొండెక్కారు. ఊరు కనబడగానే మాధవి పెట్టె డాక్టరు చేతుల్లో పెట్టేసి ముందుకు పరుగుతీసింది.

"అమ్మా! డాక్టరుగారొచ్చారే!"

ఎవరూ పలకలేదు. తలుపులకు అడ్డంగా ముళ్లకంపలు పెట్టి ఉన్నాయి. పొయ్యిలు చల్లగా ఉన్నాయి.

రవిబాబు రొప్పుతూ వచ్చి నాలుగు వైపులా చూశాడు. "ఇదేంటమ్మా? ఇక్కడా ఎవరూ లేరేంటి?"

చివరి ఇంటి అరుగు మీద గాసి తాత ఒక్కడే గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. నడవలేని మనిషి.

"తాతా, అందరేరీ? అమ్మేదీ?"

"నువ్వేటి గుంటా ఇటొచ్చినావు?" అన్నాడు తాత, ఆమె వెనకున్న డాక్టర్ని చూసి బిత్తరపోతూ. "డాకటేరు బాబుని పాతూరికి తోలుకెళ్లలేదేటి?"

"పాతూరికా? అక్కడికెందుకు?"

"జీపు డైవరు సంతలో మనోళ్లకి సెప్పినాడు గదా. పటంలో మీ ఊరు కొండకవతల ఉన్నాది, మేం వస్తే అక్కడికే వత్తాం అని. జొరమొచ్చినోళ్లందర్నీ డోలీల్లో ఏసుకుని నిన్న బేగినే ఎల్లిపోనారు."

రవిబాబు కొండకేసి చూశాడు. పెట్టె కిందపెట్టి తల పట్టుకున్నాడు. దిగి, జీపులో కొండంతా చుట్టి, అటునుంచి ఎక్కేసరికి ఇవాళ గడిచిపోతుంది.

"అది చావుల నేల కదా తాతా!" అంది మాధవి. "వద్దని ఎవరూ అనలేదా?"

"ఎందుకనలేదూ? అందరం వద్దన్నాం. మీయమ్మే ఇనలేదు. డోలీలో పడుకోబెట్టినాక మరి దానికి మాట లేదు, తెలివి లేదు. అంతకు ముందు మాత్రం ఒకటే అన్నాది, 'ఆ పటం నా కూతురు రాసింది, అది తప్పు రాయదు, నన్నక్కడికే మొయ్యండి' అని."